ప్రమేయానికి పౌరసత్వం



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ సమావేశమయ్యామో ఆ ఉపాధ్యాయుణ్ణి ఈ సభలోని వారందరూ మాస్టారు అనే పిలిచారు. నేనూ ఆ పిలుపుతోనే స్మరిస్తాను. వారు బోధించింది గణితం. కంప్యూటర్ మన కళాశాలల గడప తొక్కిన తొలినాళ్లలో, అది వేరే శాఖ వ్యవహారమని వదిలేయకుండా, గణితం చదివినవాడికి అందులో ఏం పని ఉందని అడిగిన కొద్దిమందిలో వారొకరు. అందుకే ఈ ఉపన్యాసానికి గణితానికీ ప్రోగ్రామింగ్‌కూ ఉమ్మడి ఆస్తి అయిన ఒక భావనను ఎంచుకున్నాను. గణితంలో అది ప్రమేయం, ప్రోగ్రామింగ్‌లో ఫంక్షన్. దానిని సంఖ్యతో సమానంగా ఒక విలువగా చూడాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది, ఎందుకంత ఆలస్యంగా అమలైంది, అమలైన చోట ఏ మూల్యం చెల్లించవలసి వచ్చింది అన్నవి నా ప్రసంగ విషయాలు.

విలువగా చూడటమంటే ఏమిటో ముందుగా చెప్పాలి. 18 అనే సంఖ్యను మనం వేరియబుల్‌లో దాచుకోగలం, ఫంక్షన్‌కు అందించగలం, ఫంక్షన్ నుంచి ఫలితంగా పుచ్చుకోగలం, జాబితాలో చేర్చగలం, పేరు పెట్టకుండానే రాసుకోగలం. ఈ హక్కులన్నీ ఫంక్షన్‌కూ ఉంటే ఆ భాషలో ఫంక్షన్ ప్రథమశ్రేణి విలువ అంటారు. నేటి విద్యార్థికి ఇది సాధారణంగా ఒక సౌకర్యంగా, నాలుగు పంక్తుల పనిని ఒక పంక్తిలో ముగించే రాతగా పరిచయమవుతుంది. నా దృష్టిలో ఇది అంతకన్నా చాలా పెద్ద ఒప్పందం. ఫంక్షన్‌కు విలువ హోదా ఇచ్చిన భాష, ఆ ఫంక్షన్ పుట్టిన పరిసరాన్ని ఫంక్షన్ బతికున్నంతకాలం కాపాడతానని మాట ఇస్తుంది. ఆ మాట ఇవ్వడానికి గణితం తటపటాయించింది, యంత్రం ఇంకా తటపటాయించింది. భాష ఆ మాట ఇవ్వని చోటల్లా బరువు ప్రోగ్రామర్ భుజం మీదికి మారింది. ఈ వాదాన్ని చరిత్ర ఆధారంగా మీ ముందుంచుతాను.

ఇంటర్మీడియట్ గణితం చదివిన ప్రతి విద్యార్థీ తనకు తెలియకుండానే ఈ భావనతో కాపురం చేశాడు. అవకలనం చేయడమంటే ఒక ప్రమేయాన్ని తీసుకుని మరొక ప్రమేయాన్ని ఇవ్వడమే. సైన్ ఇస్తే కొసైన్ వస్తుంది. ఇక్కడ లోపలికి వెళ్లినదీ బయటికి వచ్చినదీ సంఖ్య కాదు. 1696లో యోహాన్ బెర్నూలీ ఐరోపా గణితజ్ఞులకు ఒక సమస్య విసిరాడు: ఒక బిందువు నుంచి దిగువనున్న మరో బిందువుకు, గురుత్వాకర్షణ వల్ల మాత్రమే జారే వస్తువు అతి తక్కువ కాలంలో చేరాలంటే ఏ వక్రమార్గం కావాలి? దాని జవాబు ఒక సంఖ్య కాదు, ఒక వక్రరేఖ. అంటే తెలియని రాశి స్థానంలో ప్రమేయమే కూర్చుంది. ఆయిలర్ 1744లో ఇటువంటి సమస్యలకు ఒక సాధారణ పద్ధతిని గ్రంథస్థం చేశాడు. అయినా ఆయన 1748 నాటి నిర్వచనంలో ప్రమేయమంటే చలరాశులతో, స్థిరరాశులతో కూర్చిన ఒక రాత మాత్రమే. వాడుకలో ఎంతో ముందుకు వెళ్లిన వస్తువు, నిర్వచనంలో వెనకే ఉండిపోయింది. 1906లో మొరిస్ ఫ్రెషే పారిస్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసం ఏ రకం వస్తువుల మధ్యనైనా దూరాన్ని నిర్వచించవచ్చని చూపింది. దానితో ప్రమేయాలను ఒక అంతరాళంలోని బిందువులుగా చూడటం, రెండు ప్రమేయాల మధ్య దూరం ఇంత అనడం సాధ్యమైంది. గణిత విశ్లేషణలో ప్రమేయానికి పౌరసత్వం దక్కింది అప్పుడేనని నా అభిప్రాయం.

తర్కశాస్త్రంలో మాత్రం దారి వేరుగా నడిచింది. 1891 జనవరిలో గాట్‌లోబ్ ఫ్రేగె యేనా నగరంలో ప్రమేయం, భావన అనే అంశంపై ఒక ఉపన్యాసం చేశాడు. ఆయన దృష్టిలో ప్రపంచంలో రెండు రకాలే ఉన్నాయి. వస్తువు దానంతట అది పూర్ణం. ప్రమేయం అపూర్ణం, దానిలో పూరించవలసిన ఖాళీ ఉంటుంది. ప్రమేయాలను పుచ్చుకునే పైస్థాయి ప్రమేయాలను ఆయన అంగీకరించాడు గానీ, ప్రమేయాన్ని వస్తువుల వరుసలో కూర్చోనివ్వలేదు. రెంటి మధ్యా గోడ కట్టాడు. అదే 1891లో గేయార్గ్ కాంటర్ తన కర్ణ నిరూపణను ప్రచురించాడు. ఒక సమితి మీది ప్రమేయాల సంఖ్య, ఆ సమితిలోని మూలకాల సంఖ్య కన్నా ఎప్పుడూ పెద్దదే అని ఆ వాదం నుంచి తేలుతుంది. ఈ రెండు సంగతులూ ఒకే సంవత్సరానివి కావడం యాదృచ్ఛికమే. అయితే ముందు ముందు రెండూ ఒకే చోట ఎదురుపడతాయి గనుక గుర్తుపెట్టుకోవలసిందిగా కోరుతున్నాను.

ఫ్రేగె కట్టిన గోడలో ఒక కంత మిగిలింది. ప్రతి భావనకూ ఒక వస్తువును ప్రతినిధిగా ఇవ్వడానికి ఆయన వ్యవస్థ అనుమతించింది. 1902 జూన్‌లో బెర్‌ట్రాండ్ రస్సెల్ రాసిన ఉత్తరం ఆ కంతలోంచి వచ్చిన విరుద్ధాన్ని ఆయనకు చూపింది. ప్రమేయాన్ని వస్తువుగా తిప్పుకోవడం ప్రమాదకరమని తర్కశాస్త్రం ఆనాడు నేర్చుకుంది.

ఆ ప్రమాదం తెలిసి కూడా మళ్లీ ఆ దారి తొక్కినవారు ఇద్దరు. మోజెస్ షోన్‌ఫింకెల్ 1920లో గ్యోటింగెన్‌లో మాట్లాడి, 1924లో అచ్చయిన తన వ్యాసంలో ఒక విచిత్రమైన పొదుపును ప్రతిపాదించాడు. రెండు రాశులు తీసుకునే ప్రమేయం అక్కరలేదు. మొదటి రాశి తీసుకుని, రెండో రాశి కోసం వేచి ఉండే మరో ప్రమేయాన్ని ఫలితంగా ఇస్తే చాలు. ఈ పద్ధతికి నేడు హాస్కెల్ కర్రీ పేరు స్థిరపడిపోయింది. ఆ ఘనత షోన్‌ఫింకెల్‌దని కర్రీ స్వయంగా చెప్పాడు. రెండవవాడు ప్రిన్స్‌టన్‌లో ఉన్న అలొంజో చర్చ్. 1932లో ఆయన ప్రతిపాదించిన లాంబ్డా కలనంలో ఉన్నవి మూడే: చలరాశి, ప్రమేయాన్ని నిర్మించడం, ప్రమేయాన్ని ప్రయోగించడం. సంఖ్యలను కూడా ప్రమేయాలుగానే రాయవలసిన లోకమది. అక్కడ వస్తువుకూ ప్రమేయానికీ మధ్య గోడ లేదు. ప్రమేయం తన మీద తానే ప్రయోగమవగలదు. ఫలితం ఊహించదగినదే. చర్చ్ శిష్యులైన క్లీనీ, రాసర్ 1935లో ఆ కలనం చుట్టూ చర్చ్ అల్లిన తర్కవ్యవస్థలో విరుద్ధం ఉందని నిరూపించారు. చర్చ్ దానిని పూర్తిగా పారేయలేదు. తర్కానికి సంబంధించిన భాగాన్ని వదులుకుని, గణనకు సంబంధించిన భాగాన్ని నిలుపుకున్నాడు. 1936లో ఆ మిగిలిన భాగంతోనే, ఏ యాంత్రిక పద్ధతికీ లొంగని సమస్యలు ఉన్నాయని నిరూపించాడు.

అదే ఏడాది అలన్ ట్యూరింగ్ తన యంత్రంతో అదే నిర్ణయానికి వచ్చాడు. ఇద్దరి దారులకూ మన విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. ట్యూరింగ్ సార్వత్రిక యంత్రానికి మరో యంత్రాన్ని అందించవచ్చు, అయితే టేపు మీది రాతగా మాత్రమే. చర్చ్ కలనంలో ఒక ప్రమేయానికి మరో ప్రమేయాన్నే అందిస్తాం. రాత అందించడం వేరు, ప్రమేయాన్ని అందించడం వేరు. రాతకు పుట్టిన చోటు అక్కరలేదు. ప్రమేయానికి కావాలి. ఈ తేడాను కంప్యూటర్ శాస్త్రం గ్రహించడానికి మరో పాతికేళ్లు పట్టింది, అదీ ఒక పొరపాటు ద్వారా.

1958లో ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషను రూపొందించడం ప్రారంభించాడు. 1960 ఏప్రిల్‌లో అచ్చయిన ఆయన వ్యాసం ఈ రంగానికి మూల గ్రంథాలలో ఒకటి. పేరు లేని ఫంక్షన్‌ను రాయడానికి ఒక గుర్తు కావలసి వచ్చి ఆయన చర్చ్ దగ్గర లాంబ్డాను అరువు తెచ్చుకున్నాడు. గుర్తును తెచ్చుకున్నానే గాని చర్చ్ సిద్ధాంతం తనకు నిజంగా అర్థం కాలేదని ఆయనే తర్వాత నిజాయితీగా చెప్పుకున్నాడు. సిద్ధాంతం ప్రకారం ఫంక్షన్‌లోని బయటి వేరియబుల్‌కు అర్థం ఆ ఫంక్షన్‌ను రాసిన చోటు నుంచి రావాలి. తొలి లిస్ప్ ఆ అర్థాన్ని ఫంక్షన్‌ను పిలిచిన చోటు నుంచి తెచ్చుకుంది. చాలా ప్రోగ్రాములలో రెండూ ఒకటే కావడం వల్ల తేడా బయటపడలేదు. చూపులేని విద్యార్థి జేమ్స్ స్లాగల్ అక్కడ సమాకలన సమస్యలను యంత్రంతో సాధించే పరిశోధనలో ఉన్నాడు. ఆయన రాసిన ఒక ఫంక్షన్, మరో ఫంక్షన్‌కు అందించినప్పుడు, తప్పు జవాబు ఇచ్చింది. రెండు చోట్లా ఒకే పేరున్న వేరియబుల్ ఉండటంతో లోపలికి వెళ్లిన ఫంక్షన్ తన సొంత విలువకు బదులు ఆతిథ్యం ఇచ్చిన ఫంక్షన్ విలువను పట్టుకుంది. మెకార్తీ దానిని చిన్న లోపమనుకున్నాడు. తన బృందంలోని స్టీవ్ రస్సెల్ త్వరలో సరిచేస్తాడని భరోసా ఇచ్చాడు. రస్సెల్ దానికి ఒక ఉపాయం చేశాడు గాని, సమస్య చిన్నది కాదని ఆ తర్వాతి పదిహేనేళ్లు నిరూపించాయి. 1970లో జోయెల్ మోజెస్ దీనిని ఫంక్షన్ల సమస్య అనకుండా పరిసరాల సమస్య అని పిలవాలని వాదిస్తూ ఒక పత్రం రాశాడు. ఆ పత్రం శీర్షికలోనే నా నేటి వాదం సగం ఉంది.

ఇక్కడ తెలుగువారికి సంబంధించిన ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మెకార్తీ 1962లో స్టాన్‌ఫర్డ్‌కు మారాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, మనమందరం రాజ్ రెడ్డిగా ఎరిగినవారు, అక్కడ ఆయన దగ్గరే పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందారు. ఆయన పని యంత్రానికి మాట వినడం నేర్పడంలో. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. లిస్ప్ సృష్టికర్తకూ ఒక తెలుగు పల్లెకూ మధ్య గురుశిష్య బంధం ఒక్క అంగ దూరంలో ఉన్నదని మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసో!

ఐరోపా వైపు కథ అల్గాల్‌తో మొదలైంది. 1960 నాటి అల్గాల్ నివేదికకు 13 మంది రచయితలు. వారిలో మెకార్తీ ఉన్నాడు, ఫోర్‌ట్రాన్ నిర్మాత జాన్ బ్యాకస్ కూడా ఉన్నాడు. అల్గాల్‌లో ఒక ప్రొసీజర్‌ను, అంటే ఫంక్షన్‌ను, మరో ప్రొసీజర్‌కు అందించవచ్చు. ఫలితంగా తిరిగి ఇవ్వడానికి మాత్రం వీల్లేదు. లోపలికి వెళ్లవచ్చు, బయటికి రాకూడదు. ఈ నిషేధం వెనక బలమైన యాంత్రిక కారణం ఉంది. దానిని కొంచెం వివరంగా చూడాలి.

పన్ను లెక్కించే ఒక ఫంక్షన్‌ను ఊహించుకుందాం. దానికి 18 శాతం అని చెబితే, ఏ మొత్తానికైనా ఆ రేటున పన్ను కట్టే మరో ఫంక్షన్‌ను తయారుచేసి మనకు ఇస్తుంది. 5 శాతం అని చెబితే ఇంకొకటి ఇస్తుంది. ఈ రెండు ఫంక్షన్ల రాత అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. తేడా అంతా వాటి పరిసరంలో ఉంది: ఒకదాని చుట్టూ 18, మరొకదాని చుట్టూ 5. ఇప్పుడు యంత్రం వైపు నుంచి చూద్దాం. ఒక ఫంక్షన్‌ను పిలిచినప్పుడు దాని సొంత వేరియబుళ్లకు స్టాక్ అనే మెమరీ భాగంలో పైన కొంత చోటు కేటాయిస్తారు; పని ముగియగానే ఆ చోటును తీసేస్తారు. చివర వచ్చినది ముందు పోతుంది. ఎంతో చౌకైన, చక్కని ఏర్పాటు. అయితే పన్ను ఫంక్షన్ పని ముగించి, తాను తయారుచేసినదాన్ని మన చేతిలో పెట్టి వెళ్లిపోగానే, 18 ఉన్న చోటు కూడా చెరిగిపోతుంది. వారం తర్వాత మనం ఆ ఫంక్షన్‌ను పిలిస్తే అది వెతికే 18 ఎక్కడా ఉండదు. ఆ స్థానంలో మరెవరిదో విలువ ఉంటుంది. కిందికి అందించిన ఫంక్షన్‌కు ఈ చిక్కు రాదు, ఎందుకంటే దానికి జన్మనిచ్చిన పిలుపు ఇంకా స్టాక్ మీద సజీవంగా ఉంటుంది. అల్గాల్ వేసిన గీత సరిగ్గా ఇక్కడే ఉంది. స్టాక్ క్రమశిక్షణ చెడకుండా ఎంతవరకు వెళ్లవచ్చో అంతవరకే ఫంక్షన్‌కు స్వేచ్ఛ ఇచ్చారు.

ఈ అసమానతను వేలెత్తి చూపినవాడు క్రిస్టఫర్ స్ట్రేచీ. 1916లో పుట్టిన ఆయన కొన్నేళ్లు హారో పాఠశాలలో ఉపాధ్యాయుడు. 1965లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రోగ్రామింగ్ రీసెర్చ్ గ్రూప్‌ను నెలకొల్పాడు. 1967 ఆగస్టులో కోపెన్‌హాగన్‌లో జరిగిన ఒక వేసవి పాఠశాలలో ప్రోగ్రామింగ్ భాషల మౌలిక భావనలపై ఆయన ఉపన్యాసాలు ఇచ్చాడు. అల్గాల్‌లో దశాంశ సంఖ్యకు ఉన్న హక్కులేమిటి, ప్రొసీజర్‌కు ఉన్నవేమిటి అని పోల్చి, ప్రొసీజర్లు అక్కడ ద్వితీయశ్రేణి పౌరులని తేల్చాడు. మనం వాడే ప్రథమశ్రేణి అన్న మాట వ్యాప్తిలోకి రావడం ఆయన చలవే. ఆ ఉపన్యాసాల రాతప్రతి చేతులు మారుతూ ఒక తరాన్ని తీర్చిదిద్దింది. అచ్చు కావడానికి మాత్రం 2000 సంవత్సరం దాకా ఆగింది. స్ట్రేచీ 1975లోనే కన్నుమూశాడు. మాట్లాడిన మాట అచ్చవకపోయినా పనిచేయగలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు, ఉపన్యాసకులకు ఇది కొంత ఊరట కూడా.

స్ట్రేచీ దగ్గర సహాయకుడిగా పనిచేసిన పీటర్ లాండిన్ అంతకు ముందే పరిష్కారాన్ని రాసిపెట్టాడు. 1964లో అచ్చయిన వ్యాసంలో ఆయన లాంబ్డా రాతలను యాంత్రికంగా గణించే ఒక ఊహాయంత్రాన్ని నిర్మించాడు. అందులో ఫంక్షన్ విలువ రెండు భాగాల జత: ఒకటి చేయవలసిన పని, రెండవది అది పుట్టినప్పటి పరిసరం. ఈ జతకు ఆయన క్లోజర్ అని పేరు పెట్టాడు. మనలో ఎందరికో ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఊరు విడిచి మూడు తరాలైనా, సముద్రాలు దాటినా ఆ పేరు వెంటే వస్తుంది. క్లోజర్ ఫంక్షన్‌కు చేసేది అదే, ఒక మెట్టు పైన: పేరుతో పాటు ఊరినీ వెంట పంపుతుంది. 18 ఉన్న చోటును స్టాక్ నుంచి తప్పించి, ఆ ఫంక్షన్‌ను తలచుకునేవారు ఒక్కరైనా మిగిలినంతకాలం నిలిచి ఉండే మెమరీలో పెట్టాలి. ఎవరూ తలచుకోనప్పుడు ఆ చోటును ఎవరో తిరిగి సేకరించాలి. ఆ సేకరణ పద్ధతిని కనిపెట్టింది లిస్ప్ కోసం మెకార్తీయే. మందు ఉన్న ఇంట్లోనే రోగం పదిహేనేళ్లు ఉండిపోయిందన్నమాట.

అమలు చేసే మార్గం దొరికింది. గణిత పునాది మాత్రం ఇంకా లేదు. ఫంక్షన్లు కూడా విలువలే అయితే, విలువల సమితిలో ఆ సమితి మీది ఫంక్షన్లన్నీ ఇమడాలి. కాంటర్ 1891లోనే అది అసాధ్యమని చెప్పాడు. ఫంక్షన్ల సంఖ్య ఎప్పుడూ పెద్దది. 1969లో ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చిన డేనా స్కాట్, రకాల కట్టుబాటు లేని లాంబ్డా కలనానికి గణిత నమూనా ఉండదని స్ట్రేచీతో మొదట వాదించాడు. ఆ నవంబరులోనే నమూనాను తానే కనుగొన్నాడు. కిటుకు ఎంతో గంభీరమైనది. అన్ని ఫంక్షన్లనూ లోపలికి రానివ్వనక్కరలేదు. యంత్రం గణించగల ఫంక్షన్‌కు ఒక లక్షణం ఉంది: ఫలితంలో పరిమితమైన సమాచారం కావాలంటే అది లోపలి రాశి నుంచి పరిమితమైన సమాచారాన్నే చూస్తుంది. ఆ లక్షణమున్న ఫంక్షన్లను మాత్రమే లెక్కిస్తే, విలువల లోకం తన మీది ఫంక్షన్ల లోకంతో సరిగ్గా సమానమయ్యేలా నిర్మించవచ్చు. ఫ్రేగె గోడ, కాంటర్ లెక్క, చర్చ్ సాహసం మూడూ ఈ ఒక్క నిర్మాణంలో రాజీపడ్డాయి. ప్రోగ్రామర్లకు ఈ ఘట్టం దాదాపు తెలియదు. గణితం విద్యార్థులకు దీనిని చెప్పకపోవడం ఇంకా పెద్ద లోటు.

1975లో ఎం.ఐ.టి.లో జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ స్కీమ్ అనే చిన్న లిస్ప్‌ను రూపొందించారు. వారి ఉద్దేశం కార్ల్ హ్యూవిట్ ప్రతిపాదించిన ఆక్టర్లను అర్థం చేసుకోవడం. సందేశాలు పుచ్చుకుని స్పందించే స్వతంత్ర వస్తువులవి. ఫంక్షన్‌కు పుట్టినచోటి పరిసరాన్ని ఇచ్చే ఏర్పాటుతో ఒక ఇంటర్‌ప్రెటర్ రాశారు. అందులో ఆక్టర్లకు వేరుగా ఏర్పాటు చేశారు. పూర్తయ్యాక చూస్తే ఆక్టర్‌ను నడిపే కోడ్, క్లోజర్‌ను నడిపే కోడ్ ఒక్కటే. తనలో స్థితిని దాచుకుని పిలిస్తే పలికే వస్తువు, తన పరిసరాన్ని మోసుకుతిరిగే ఫంక్షన్ వేరు కావని ప్రయోగం చెప్పింది. ఆబ్జెక్ట్ మార్గమా, ఫంక్షన్ మార్గమా అని నేటికీ సాగుతున్న వాదాలు విన్నప్పుడల్లా, ఆ తీర్పు 1975లోనే వచ్చిందని నాకు గుర్తొస్తుంది.

ఆ తర్వాతి విద్వత్ చరిత్రను త్వరగా దాటుతాను. ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ ఎం.ఎల్. భాషలో ఫంక్షన్ల రకాలను కంపైలరే గ్రహించే పద్ధతిని స్థాపించాడు. బ్యాకస్ తన 1977 ట్యూరింగ్ ఉపన్యాసంలో, తాను పెంచిన ఫోర్‌ట్రాన్ సంప్రదాయాన్నే విమర్శించి, ఫంక్షన్లను కూర్చి ప్రోగ్రాములు కట్టాలని వాదించాడు. 1990లో హాస్కెల్ వచ్చింది. అయితే పరిశ్రమ ఈ చర్చలను దూరం నుంచి చూసింది. పరిశ్రమ చరిత్రే నా వాదానికి అసలు పరీక్ష.

సీ భాషలో ఫంక్షన్ చిరునామాను అందించవచ్చు. పరిసరాన్ని అందించలేము. ప్రామాణిక గ్రంథాలయంలోని క్యూసార్ట్ దీనికి నిదర్శనం. వరుసలో పెట్టే పనికి పోల్చే ఫంక్షన్‌ను మనమే ఇస్తాం. అయితే ఏ నిలువుగడి ఆధారంగా పోల్చాలో ఆ ఫంక్షన్‌కు చెప్పే దారి లేదు. దానికోసం ప్రోగ్రామర్ ఒక గ్లోబల్ వేరియబుల్ పెట్టుకుంటాడు. థ్రెడ్లను సృష్టించే గ్రంథాలయాలు ఫంక్షన్‌తో పాటు ఒక రకం తెలియని పాయింటర్‌నూ అడుగుతాయి. ఆ పాయింటర్ ఏమిటి? భాష మోయని పరిసరాన్ని ప్రోగ్రామర్ చేతులతో మోయడం. లాండిన్ జతలో రెండో భాగమే అది, భద్రత లేకుండా.

1995లో వచ్చిన జావాలో ఫంక్షన్ విలువ కాదు. రెండేళ్లకు పేరులేని అంతర్ తరగతులు చేర్చారు. ఒక బటన్ నొక్కితే ఏం చేయాలో చెప్పడానికి అయిదారు పంక్తుల తొడుగు రాయవలసి వచ్చేది, అందులోనూ మార్పులేని వేరియబుళ్లను మాత్రమే పట్టుకునే వీలుండేది. లాంబ్డా రావడానికి 2014 మార్చి దాకా ఆగవలసి వచ్చింది. విశేషమేమిటంటే జావా భాషా నిర్దేశ గ్రంథపు రచయితల్లో స్కీమ్ నిర్మాత గై స్టీల్ కూడా ఉన్నాడు. కాబట్టి ఈ పంతొమ్మిదేళ్ల జాప్యానికి అజ్ఞానం కారణం కాదు. మూల్యం తెలిసినవారే దానిని వాయిదా వేశారు. ఆ వాయిదా వడ్డీని హైదరాబాదు నుంచి డాలస్ దాకా లక్షలాది జావా ఉద్యోగులు, వారిలో వేలాది తెలుగువారు, తొడుగు కోడ్ రూపంలో కట్టారు.

అదే 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని రాశాడు. బ్రౌజర్‌లో స్కీమ్ పెట్టవచ్చన్న ఆశతో అక్కడ చేరినవాడాయన. యాజమాన్యం జావాను పోలిన రూపం కోరింది. రూపం అలాగే ఇచ్చి, లోపల మాత్రం ఫంక్షన్‌కు పూర్తి పౌరసత్వం ఇచ్చాడు. ప్రపంచంలో అత్యధికంగా నడిచే భాషల్లో ఒకటి ఇలా చర్చ్ వారసత్వాన్ని చడీచప్పుడు లేకుండా ఇంటింటికీ చేర్చింది.

చేర్చినంత మాత్రాన చిక్కు తీరలేదు. లూప్‌లో పది ఫంక్షన్లను తయారుచేస్తే, ప్రతిదీ లూప్ వేరియబుల్ అప్పటి విలువను పట్టుకుంటుందా, ఆ వేరియబుల్ చోటును పట్టుకుంటుందా? పాత జావాస్క్రిప్ట్‌లో చోటును పట్టుకునేవి. పది ఫంక్షన్లూ చివరి విలువనే చెప్పేవి. 2015 ప్రమాణంలో లెట్ అనే కొత్త ప్రకటనతో దీనికి మందు వచ్చింది. సీ షార్ప్ 2012లో తన ఫర్‌ఈచ్ లూప్ అర్థాన్ని ఇందుకే మార్చుకుంది. గో భాష 2024 ఫిబ్రవరిలో, 1.22 కూర్పులో, ఇందుకే మార్చుకుంది. పాత ప్రోగ్రాముల అర్థం మారే ప్రమాదానికి సిద్ధపడి ఒక భాష తన లూప్‌ను సవరించుకోవడం అరుదు. స్ట్రేచీ కోపెన్‌హాగన్‌లో విలువకూ, విలువ ఉండే చోటుకూ తేడా చూపి, ఫంక్షన్ ఈ రెంటిలో దేనిని పట్టుకుంటోందో స్పష్టం చేయాలన్నాడు. ఆ పాఠాన్ని మూడు పెద్ద భాషలు నలభై అయిదేళ్ల తర్వాత మొదలుపెట్టి ఒకటొకటిగా అప్పజెప్పుకున్నాయి.

సీ ప్లస్ ప్లస్ 2011లో వేరే దారి పట్టింది. దేన్ని నకలు చేసుకోవాలో, దేన్ని చోటు ద్వారా పట్టుకోవాలో ప్రోగ్రామరే ఫంక్షన్ నుదుట రాయాలి. తప్పు రాస్తే చెరిగిపోయిన చోటును చూసే పాత ప్రమాదం మళ్లీ ఎదురవుతుంది. 2015లో స్థిరపడిన రస్ట్, ఆ తప్పును కంపైలరే పట్టుకునేలా చేసింది. పరిసరం ఎవరి సొత్తో, ఎంతకాలం బతకాలో తేలకపోతే ప్రోగ్రామ్ తయారే కాదు. చెత్త సేకరణ లేకుండా ఫంక్షన్‌కు హోదా ఇవ్వడానికి జరిగిన ప్రయత్నాల్లో నాకు గౌరవం కలిగించేది ఇదే. సేకరణ ఉన్న భాషల్లోనూ ఉచితం కాదు. తెర మీది బటన్‌కు కట్టిన చిన్న ఫంక్షన్ ఒకటి తన పరిసరంలోని పెద్ద పట్టికను గంటల తరబడి మెమరీలో నిలిపి ఉంచిన ఉదంతాలు పనిలో ఉన్నవారందరికీ అనుభవమే.

పెద్ద డేటా వచ్చాక ఈ కథ ఒక్క యంత్రం గోడలు దాటింది. 2004లో జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ ప్రచురించిన మ్యాప్‌రెడ్యూస్ వ్యాసం, తమ స్ఫూర్తి లిస్ప్ వంటి భాషల్లోని మ్యాప్, రెడ్యూస్ ఫంక్షన్లని చెప్పింది. డేటాను ఫంక్షన్ దగ్గరికి తేవడం మాని, ఫంక్షన్‌నే డేటా ఉన్న వేల యంత్రాలకు పంపడం ఆ పద్ధతి సారం. బర్క్‌లీలో పుట్టిన స్పార్క్ క్లోజర్‌నే నేరుగా పంపుతుంది. హైదరాబాదులో డేటా ఇంజనీర్లుగా ఉన్న మన పిల్లలను అడగండి, టాస్క్ నాట్ సీరియలైజబుల్ అనే సందేశం ఎన్నిసార్లు చూశారో. తమ చిన్న ఫంక్షన్ వెంట ఒక డేటాబేస్ కనెక్షన్ కూడా పరిసరంగా అంటుకుని ఉందనీ, దానిని మరో యంత్రానికి మోసుకెళ్లడం కుదరదనీ ఆ సందేశం అర్థం. స్లాగల్ ఎదుర్కొన్నది ఒకే యంత్రంలో పరిసరం దారి తప్పడం. ఈ ఇంజనీర్లు ఎదుర్కొంటున్నది యంత్రాల మధ్య పరిసరం సరిహద్దు దాటలేకపోవడం. 2020 డిసెంబరులో ఎక్సెల్ పట్టికకు కూడా లాంబ్డా వచ్చిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అకౌంట్ల విభాగంలో కూర్చునే గుమాస్తా చేతికి కూడా చర్చ్ గుర్తు చేరింది.

ఇంత చెప్పాక, బోధన గురించి ఒక్క మాట అడగదలిచాను. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో చాలాచోట్ల తొలి భాష సీ. అందులో నాకు అభ్యంతరం లేదు. స్టాక్ అంటే ఏమిటో అంత స్పష్టంగా చూపే భాష మరొకటి లేదు. అయితే స్టాక్‌ను చూపి ఆగిపోతే విద్యార్థి అల్గాల్ గీత దగ్గరే నిలిచిపోతాడు. రెండో ఏడు ముగిసేలోపు ఫంక్షన్‌ను ఫలితంగా ఇవ్వగల భాష ఒకటి, అది స్కీమ్ కావచ్చు, పైథాన్ కావచ్చు, అతని చేతికి రావాలి. అంతకన్నా ముఖ్యంగా, మ్యాప్, ఫిల్టర్ అని నాలుగు పేర్లు కంఠస్థం చేయించి మార్కులు వేయడం మానాలి. పన్ను ఫంక్షన్ వంటి చిన్న ఉదాహరణ ఇచ్చి, అది తిరిగి వచ్చిన క్షణంలో 18 ఎక్కడ ఉందో కాగితం మీద బొమ్మ వేయమని అడగాలి. గణితశాఖవారు ఆ తరగతిలో కూర్చోవాలి. లాండిన్ ఊహాయంత్రాన్ని నేటి భాషల్లో కొన్ని పదుల పంక్తుల్లో రాయవచ్చు. ప్రతి విద్యార్థీ దానిని సొంతంగా ఒకసారి రాయాలి. దాని మీద తెలుగులో ఒక మంచి పాఠ్యపుస్తకం రావాలి. ఆ పుస్తకం రాసే పనిని గణిత, కంప్యూటర్ శాఖలు రెండూ కలిసి చేపట్టవలసిందిగా ఈ వేదిక మీది పెద్దలను కోరుతున్నాను.